ముందు చక్రాల పంచాయితీ

షోలాపూర్‌లో తెలుగు వినబడే పేటలు చాలావరకు తూర్పు వైపునే ఉన్నాయి. సాఖర్ పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, అక్కడి నుంచి అక్కల్‌కోట రోడ్డు ఎంఐడీసీ దాకా. నిజాం ఇలాకాలోని కరీంనగర్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి పద్మశాలీలు తరాల కిందట పనికోసం వచ్చి పాతుకుపోయిన చోటు ఇది. చాదర్లు, టెర్రీ తువాళ్లు అంటే దేశమంతా ఈ ఊరి పేరే చెబుతుంది. ఆ తువాళ్లు నేసే పవర్‌లూమ్ మొరాయిస్తే వచ్చి సరిచేసే మనిషిని కార్ఖానాలో జాబర్ అంటారు. నేసేవాళ్లు వేరు, జాబర్ వేరు. జాబర్ చేతిలో పానా ఉంటుంది, నోట్లో తిట్టు ఉంటుంది.

ఈ సంవాదంలో ఒకరు అలాంటి జాబర్. ఇప్పుడు పని మానేశాడు, తిట్టు మానలేదు. రెండోవాడు ఆయన అక్క కొడుకు. తల్లి బీడీలు చుట్టింది. కుంభారి దగ్గరి బీడీ కార్మికుల ఘరకుల్‌లో, కార్మిక నాయకుడు ఆడం మాస్టర్ కొట్లాడి కట్టించిన ఆ 10 వేల ఇళ్లలో, ఆమెకూ ఒకటి దక్కింది. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలు ఇచ్చిన ఇళ్లు అవి. కొడుకు మగ్గం వైపు చూడలేదు. పతసంస్థలో, అంటే పరపతి సంఘంలో, అప్పు తీసి, 2017 నాటి డీజిల్ డిజైర్ టూర్ ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. తుల్జాపూర్, పండర్‌పూర్, అక్కల్‌కోట, గాణగాపూర్ యాత్రలు, హైదరాబాద్ పెళ్లిళ్లు, అదీ గిరాకీ. ఇప్పుడు బండి ముందు భాగం చప్పుడు చేస్తోంది. గ్యారేజీవాడు ఒక చీటీ రాసిచ్చాడు. తగువంతా ఆ చీటీ మీదే.

జాబర్: ఏదీ, చీటీ ఇటియ్యి. షాకప్‌లు రెండు, మౌంట్లు రెండు, బేరింగులు రెండు, లోయర్ ఆర్మ్‌లు రెండు, లింకు రాడ్లు రెండు, టై రాడ్ ఎండ్లు రెండు, రాక్ ఎండ్లు రెండు. కూలి, అలైన్‌మెంటు కలిపి 19,000. ఏమిరా, వీడు కొనేవి రాసిండు గని ఖరాబైనవి ఎక్కడ రాసిండు?

డ్రైవర్: బండి రెండు లక్షల పదివేల కిలోమీటర్లు తిరిగింది మామా. అన్నీ బండితోటే వచ్చినయి, అన్నీ బండితోటే ముసలైనయి. ఒక్కటి మార్చి ఇంకొకటి విడిచిపెడితే నెల తిరగక ముందే అది పోతది. మళ్ల గ్యారేజి, మళ్ల కూలి, మళ్ల ఒక రోజు గిరాకీ బంద్. ఒక్కసారే చేపిస్త, రెండేండ్లు మరిచిపోత.

జాబర్: ముసలైనయన్ని సావవు. నన్ను చూడు.

డ్రైవర్: నిన్ను చూసే భయపడుతున్న. పొద్దున లేస్తే నీ మోకాళ్లు కూడ గట్లనే టక్ టక్ అంటయి.

జాబర్: నవ్వు, నవ్వు. ముందుగాల చప్పుడు ఎక్కడిదో చెప్పు. ఎప్పుడు వస్తది? గుంతల పడితెనా, బ్రేకు తొక్కితెనా, స్టీరింగు తిప్పితెనా?

డ్రైవర్: అన్నిట్ల వస్తది.

జాబర్: అన్నిట్ల వస్తది అన్నోడు ఏదీ వినలేదన్నట్టు. ఈ గల్లీల పగటిపూట ఏం వినబడతది, మగ్గాల మోత తప్ప? కరెంటు పోయినప్పుడు తీయి బండి. అద్దాలు దించు. మెల్లగ పో. అంతకన్న ముందు డిక్కీ తెరిచి జాకీ, స్టెప్నీ, పానాలు బయట పెట్టు. సగం బండ్ల సస్పెన్షను రోగం డిక్కీలనే ఉంటది.

డ్రైవర్: తీసి చూసిన. పోలే.

జాబర్: బుద్ధిమంతుడివి. ఇగ విను. చిన్న చిన్న గతుకుల మీద, మెల్లగ పోతున్నప్పుడు టిక్ టిక్ అని సన్నగ వస్తే చాలామటుకు లింకు రాడు. పెద్ద గుంతల ధడ్ అని పైకెళ్లి, బానెట్ మూల నుంచి కొట్టినట్టు వస్తే షాకప్ మీది మౌంటు. బండి నిలబెట్టి స్టీరింగు తిప్పితే స్ప్రింగు టంగ్ మని జారినట్టు వస్తే మౌంటు కింది బేరింగు. బ్రేకు తొక్కంగనే బండి ఒక పక్కకు గుంజి లోపల్నుంచి దబ్ మంటే లోయర్ ఆర్మ్ బుష్. నీకు ఏ చప్పుడు?

డ్రైవర్: టిక్ టిక్ ఉన్నది. బ్రేకు తొక్కితే దబ్ కూడ ఉన్నది, ఎడమ దిక్కు. ఎడమ షాకప్ మీద నూనె మరక ఉన్నది. టంగ్ లేదు.

జాబర్: చూసినవా, మూడే మాటలు. చీటీల పద్నాలుగు సామాన్లు.

చిన్న కారు ముందు చక్రం దేనిమీద నిలబడుతుందో చెప్పుకుంటే ఈ తగువు సూటిగా అర్థమవుతుంది. దాని పేరు మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు 1940లలో దానికి రూపమిచ్చాడు. 1950లో ఇంగ్లండులో చూపించిన ఫోర్డ్ కాన్సల్, జెఫైర్ కార్లతో అది బజారుకెక్కింది. మన దగ్గర 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 దాన్ని వీధివీధికీ చేర్చింది. పాత పద్ధతిలో చక్రానికి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉండేవి. ఇందులో పై ఆర్మ్ లేదు. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు గొట్టమే దాని పని కూడా చేస్తుంది. మన మెకానిక్కులు మొత్తాన్ని కలిపి షాకప్ అనేస్తారు. బండి బరువు మోసేది ఆ గొట్టం. చక్రాన్ని దాని చోటు నుంచి కదలకుండా పట్టేది కింద మిగిలిన ఒకే ఒక లోయర్ ఆర్మ్. డిజైర్‌లో అది ఎల్ ఆకారంలో ఉంటుంది. రెండు చోట్ల రబ్బరు బుష్‌లతో బండి అడుగుకు, మూడో కొసన బాల్ జాయింటుతో చక్రానికి తగులుకుని ఉంటుంది. ముక్కలు తగ్గాయి, ఖర్చు తగ్గింది. దాంతో మిగిలిన ఒక్కో ముక్క మీద భారం పెరిగింది. చీటీ రాసేవాళ్లకు ఈ తేడా పట్టదు. పద్నాలుగు సామాన్లూ వాళ్లకు ఒకే వరసలో కనిపిస్తాయి.

డ్రైవర్: సరే, ఎడమ లోయర్ ఆర్మ్ పోయింది, ఎడమ షాకప్ పోయింది, లింకు రాడ్లు పోయినయి. సగం చీటీ ఖరాబే కద? మిగతాది కూడ కలిపి ఏసుకుంటే తప్పేంది?

జాబర్: తప్పు లేదు, పైసలు ఉంటే. ఉన్నయా?

డ్రైవర్: పతసంస్థల అడిగిన. బండి హప్తా నడుస్తున్నది కద, దాని మీదనే ఇంకో 20,000 ఇస్తమన్నరు.

జాబర్: గదే వద్దంటున్న. రబ్బరు ముక్కలకు వడ్డీ కడతవా? పోయేది ఎట్ల పోతదో చూసి మార్చాలె. కొన్ని సామాన్లు మొరపెట్టుకుంట పోతయి. షాకప్ గట్లాంటిది. నెలలకు నెలలు నూనె కారుస్తది, బండి ఊగుతది, టైరు అరుగుతది, నీకు చెప్తనే ఉంటది. కొన్ని చెప్పవు. బాల్ జాయింటు చెప్పదు. లోపల గిన్నెల నుంచి గుండు ఊడివచ్చిననాడు చక్రం అడ్డం తిరుగుతది, బండి ముక్కు రోడ్డు మీద ఆనుతది. నల్‌దుర్గ్ ఘాటుల అయితే ఏం జేస్తవు, వెనుక నలుగురు యాత్రికులను పెట్టుకొని? ముందుగాల చెప్పకుండ పోయేదాన్ని చూడు. మొరపెట్టుకునేది ఆగుతది.

డ్రైవర్: బాల్ జాయింటు ఎట్లున్నదో చూసినమా మనం?

జాబర్: చూద్దాం పట్టు. జాకీ పెట్టి చక్రం లేపు, కింద స్టాండు పెట్టు, ఒట్టి జాకీ మీద నమ్మకం పెట్టకు. చక్రానికి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపు. ఆడుతున్నదా? మీ తమ్మున్ని బ్రేకు తొక్కమను. ఆట ఆగిపోతే చక్రం బేరింగు. ఆగకపోతే అప్పుడు కింది జాయింటు మీద అనుమానం. పట్టె కడ్డీ పెట్టి ఆర్మును కిందికి పైకి లేపు, జాయింటు దగ్గర వేలు పెట్టి చూడు, వదులు వేలుకే తెలుస్తది. తర్వాత ఎడమ చెయ్యి కుడి చెయ్యి అడ్డంగ పెట్టి ఊపు. గప్పుడు ఆడితే టై రాడు, లేకపోతే లోపలి రాక్ ఎండు.

డ్రైవర్: అడ్డం ఊపితే ఏం లేదు. గట్టిగనే ఉన్నది. పైకి కిందికి మాత్రం కొంచెం ఉన్నది. జాయింటు రబ్బరు టోపీ చినిగి ఉన్నది.

జాబర్: టోపీ చినిగిందంటే మట్టి పోయింది, నీళ్లు పోయినయి, గ్రీజు పోయింది. జాయింటు గట్టిగ ఉన్ననాడు చూసి ఉంటే వంద రూపాయల టోపీతోటి అయిపోయేది. ఇప్పుడు ఆర్మే మార్చాలె. ఇగ టై రాడ్లు రెండు, రాక్ ఎండ్లు రెండు గీటు కొట్టెయ్యి. ఆడనిదానికి పైసలేంది?

ఎడమ చక్రమే ఎందుకు ముందు పోయిందన్న ప్రశ్న వాళ్లిద్దరికీ రాలేదు, వాళ్లకు అది రోజూ తెలిసిన సంగతి. షోలాపూర్ నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు పర్రెలు విచ్చుతుంది. పైన వేసిన తారు దానితో పాటు కదులుతుంది, ముందుగా అంచులు విరుగుతాయి. ఎడమ పక్కన నడిచే దేశంలో ఆ విరిగిన అంచు మీదికి దిగేది ఎడమ చక్రమే, ఎదురుగా లారీ వచ్చిన ప్రతిసారీ. పైగా ఈ ఊరి ఎండలకు రబ్బరు బుష్ బిరుసెక్కి పగుళ్లు పడుతుంది. డీజిల్ ఇంజను పెట్రోలు దానికన్నా బరువు, ఆ బరువంతా ముందు చక్రాల మీదే. అంచు దెబ్బ మాత్రం ఎడమకే ఎక్కువ, కాబట్టి ఒకే బండికి ఒకే రోజున పుట్టిన రెండు ఆర్మ్‌లు ఒకే రోజున పోవు. "అన్నీ బండితోటే ముసలైనయి" అన్న మేనల్లుడి వాదం ఇక్కడే పలచబడింది.

డ్రైవర్: అయితే ఎడమ ఆర్మ్ ఒక్కటే మారుస్తనంటవా? జత మార్చాలె అంటరు కద అందరు.

జాబర్: ఆర్మును జత మార్చాలె అని ఎవడన్నడు? కుడిదాన్ని కడ్డీ పెట్టి లేపినం. జాయింటు గట్టిగ ఉన్నది, బుష్ పగల్లేదు. అది నడుస్తది. లింకు రాడ్లు మాత్రం రెండు పక్కల మార్చు, వందలల్ల పోయే సామాను. ఇగ షాకప్ ఎడమది ఒక్కటే మార్చు, అయిపోయింది.

డ్రైవర్: ఆగు మామా, ఇక్కడ నేను ఒప్పుకోను. ఆర్ము ఒంటిగ మార్చు, సరే. షాకప్ ఒంటిగ మార్చొద్దు. ఒక దిక్కు కొత్తది గట్టిగ పడతది, ఇంకో దిక్కు పాతది లేచి లేచి ఊగుతది. తడి రోడ్డు మీద, ఒంపుల బ్రేకు తొక్కితే రెండు చక్రాలు రెండు తీర్ల పట్టుకుంటయి. బండి ఎటు గుంజుతదో నాకు తెల్వదు. నువ్వు స్టీరింగు పట్టుకోలే, నేను పట్టుకుంట.

జాబర్: కుడిది నూనె కారుతలేదు కద?

డ్రైవర్: కారకుంటే మంచిగ ఉన్నట్టు కాదు. కుడి దిక్కు టైరు మీద చెయ్యి పెట్టి చూడు. గుంటలు గుంటలుగ అరిగింది. చక్రం రోడ్డుకు ఆనుత లేస్త, ఆనుత లేస్త పోయిందన్నట్టు. షాకప్ సగం సచ్చిందనే కద? బానెట్ నొక్కి విడిచిపెట్టి, ఒక్కసారి లేచి ఆగింది, బాగుంది అంటవు నువ్వు. అది పూర్తిగ సచ్చినదాన్నే పట్టుకుంటది. సగం సచ్చింది ఆ పరీక్షల పాసైతది.

జాబర్: ఊఁ. టైరు మాట నిజమే.

డ్రైవర్: ఇంకోటి చెప్త. నువ్వు షాకప్ ఆగుతది అన్నవు కద, ఆగితే టైరు తింటది. షాకప్ పైసలు మిగిలినయి అనుకుంటే టైరు రూపంల పోతయి. గతుకుల రోడ్డు మీద బ్రేకు దూరం పెరుగుతది. మొరపెట్టుకుంట పోతది అన్నవు, ఆ మొర ఎన్ని రోజులు వినాలె?

జాబర్: అయితే షాకప్ నింపిద్దాం. నూనె పోసి, మూతి వెల్డింగు కొట్టి ఇచ్చెటోళ్లు ఉన్నరు. కొత్తదాంట్ల మూడోవంతు పైసలకే అయితది.

డ్రైవర్: మామా, నువ్వే చెప్తవు, మగ్గానికి పాత తోలు తొడగొద్దని. షాకప్ రాడు మీద గీతలు పడ్డయి, అందుకే సీలు తెగి నూనె కారింది. కొత్త నూనె పోసినా అదే గీతలు, కొత్త సీలును కూడ గంతే జల్ది తెంపుతయి. నాలుగు నెలలు నడుస్తది. మళ్ల విప్పుడు, మళ్ల కూలి. వద్దు.

ఈ దఫా అల్లుడిదే పైచేయి. పొదుపు అంటే తక్కువ ధర అనుకునేవాళ్లకు నింపిన షాకప్ అమృతంలా కనిపిస్తుంది. నా లెక్కలో అంతకన్నా ఖరీదైన సామాను ఇంకోటి లేదు, దాన్ని విప్పి బిగించే కూలి రెండుసార్లు కట్టాలి గనక. మేనమామ మాట్లాడకుండా బీడీ వెలిగించడమే ఓటమి ఒప్పుకోవడం. అయితే ఆయన ఊరకే కూర్చునే మనిషి కాదు.

జాబర్: సరే, షాకప్‌లు జత. కాని ఇప్పుడే కాదు. ఇప్పుడు కింది పని చేపియ్యి: ఎడమ ఆర్ము, రెండు లింకు రాడ్లు. దసరా గిరాకీ అయినంక పై పని చేపియ్యి.

డ్రైవర్: రెండుసార్లు కూలి కద మరి?

జాబర్: ఇక్కడనే నిన్ను గ్యారేజోడు బోల్తా కొట్టిచ్చిండు. రెండు పనులకు కూలి కలవది. ఆర్ము మార్చాలంటే కింద రెండు బోల్టులు, జాయింటు బోల్టు విప్పాలె. షాకప్ దగ్గరికి పోను కూడ పోరు. షాకప్ తీసుడు వేరే పని. చక్రం విప్పుడు, లింకు రాడ్ ఒక కొస విప్పుడు, గంతే కలిసేది. అలైన్‌మెంటు మాత్రం రెండుసార్లు కావాలె, ఒప్పుకుంట. దానికి ఎంత? వందలు. పతసంస్థ వడ్డీ కన్న తక్కువ.

డ్రైవర్: మరి ఏది ఏదానితోటి కలుస్తది?

జాబర్: గది అడగాలె. షాకప్ బయటికి తీసి స్ప్రింగు విప్పినప్పుడు, పైన మౌంటు, బేరింగు, లోపల బంప్ స్టాపు, రబ్బరు తొడుగు అన్నీ చేతిలకు వస్తయి. అప్పుడు అవి మార్చకపోతే తెలివితక్కువతనం. మౌంటు ధర తక్కువ, దాన్ని ఒక్కదాన్ని మార్చాలంటే కూలి మాత్రం షాకప్ కూలే. అవన్నీ ఒక మూట. ఆర్ము ఇంకో మూట. స్టీరింగు ఎండ్లు మూడో మూట, అది మనకు అక్కర్లేదు. నువ్వు మూడు మూటలు ఒక్కటే గంపల ఏసుకుంటనన్నవు, నేను ఒక్కో ముక్క లెక్కన పోదామన్న. ఇద్దరం తప్పే అనుకో.

డ్రైవర్: స్ప్రింగులు?

జాబర్: విరగలే, బండి ముక్కు కిందికి వాలలే. విడిచిపెట్టు. స్ప్రింగు విప్పేటప్పుడు మాత్రం ఎవడు విప్పుతున్నడో చూడు. కంప్రెసర్ పెట్టి అణచకుండ పై నట్టు విప్పితే స్ప్రింగు మనిషి దవడ పగలగొడతది. గల్లీల పానా పట్టినోళ్లందరు మెకానిక్కులు కారు.

డ్రైవర్: సామాను ఎక్కడ తీసుకోవాలె? కంపెనీదేనా? పండర్‌పూర్ రోడ్డు దోస్తు ఒకడు ముంబై కుర్లాల పాత సామాను తెప్పిస్తనంటుండు. పడ్డ బండ్లల్లకెళ్లి తీసిన ఆర్ము, సగం ధర కూడ లేదు.

జాబర్: తెప్పియ్యి. మన మగ్గాలే ముంబై మిల్లులల్ల పాతయి తెచ్చి నడిపినం. ఇనుముకు ఏమైతది?

డ్రైవర్: మగ్గం పల్టీ కొట్టదు మామా. ఆ ఆర్ము ఏ బండిదో, ఆ బండి దేనికి గుద్దిందో? రెండు మిల్లీమీటర్లు వంగినా కంటికి కనబడదు. బిగిచ్చినంక టైరు లోపలి అంచు అరిగితే, అలైన్‌మెంటోడు ఎంత తిప్పినా సరికాదు. పాత దాంట్ల రబ్బరు, జాయింటు కూడ పాతయే. దిక్కులేక తీసుకుంటే స్ప్రింగు తీసుకుంట. ఆర్ము, షాకప్ తీసుకోను.

జాబర్: పాత ఇనుము తీసుకో, పాత రబ్బరు తీసుకోకు అనేటోన్ని నేను. వంగుడు సంగతి నాకు తట్టలే.

డ్రైవర్: కంపెనీది కాకున్నా మంచి పేరున్న సామాను చాలు. షాకప్‌లకు గాబ్రియెల్, మున్జల్ షోవా లాంటియి, జాయింట్లకు రాణె లాంటియి. బండ్ల కంపెనీలకు సామాను కట్టిచ్చెటోళ్లే వాళ్లు. డబ్బా మీద బండి కంపెనీ పేరుండదు, ధర తగ్గుతది. నకిలీలు ఉంటయి కాబట్టి తెలిసిన దుకాణంల, బిల్లుతోటే తీసుకోవాలె. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. పాత రేటుతోటి చీటీ రాసినోన్ని నిలదీయాలె.

జాబర్: బిల్లు అడిగితే బిల్లు లేకుంటే ఇంత తక్కువ అంటడు.

డ్రైవర్: అంటడు. నెలకు పాడైతే ఎవన్ని అడగాలె అప్పుడు?

జాబర్: ఆర్ము మొత్తం కొనకుండ బుష్‌లు మాత్రమే మార్చొచ్చు కద? మన లేత్ దుకాణంల ప్రెస్ ఉన్నది. మగ్గం సామాను అచ్చుపోసినట్టు చేస్తడు వాడు, రెండు బుష్‌లు ఒత్తలేడా?

డ్రైవర్: జాయింటు గట్టిగ ఉంటే నీ మాటే వింటుంటి. కుడి దానికి రేపు బుష్ పోతే అట్లనే చేపిద్దాం. ఎడమదానికి జాయింటు పోయింది, జాయింటు ఆర్ముతోటే వస్తది. బుష్ ఒత్తిచ్చి, జాయింటు వేరే కొని పట్టిచ్చి, ఆర్ము ధరకు దగ్గర వస్తది. ఎందుకు?

జాబర్: కుడిదానికి ఒత్తేటప్పుడు వెనుక బుష్‌కు ఒక దిక్కు ఉంటది, మర్చిపోకు. రబ్బరుల బోలు గీతలు ఉంటయి, అవి ఎటు ఉండాలెనో పాతదాని మీద గీత గీసి పెట్టుకోవాలె. ఎట్ల పడితే అట్ల ఒత్తితే నెలకే చినుగుతది. సుత్తెతోటి కొట్టిచ్చినవంటే నా ఇంటికి రాకు.

లేత్ దుకాణం ప్రస్తావన ఊరకే రాలేదు. మగ్గాల పేటల్లో పది అడుగులకు ఒక లేత్ ఉండడం ఈ ఊరి డ్రైవర్లకు ఉన్న అదృష్టం. పెద్ద నగరంలో బుష్ ఒత్తమంటే "ఆర్మ్ మొత్తం మార్చండి సార్" అంటారు. ఇక్కడ ఒత్తి పెట్టే చెయ్యి దొరుకుతుంది. దొరికిందల్లా ఒత్తించుకోవాలనే మోజు కూడా దానివల్లే పుడుతుంది.

డ్రైవర్: ఫిట్‌నెస్ పాసింగ్ దగ్గరకొచ్చింది మామా. బండికి ఎనిమిదేండ్లు నిండినయి, ఇగ ఏటా పాసింగే. అక్కడ కిందికెళ్లి కడ్డీ పెట్టి చూస్తే షాకప్ నూనె మరక కనబడుతది. దసరా దాక ఆగలేను.

జాబర్: పాసింగ్ ఎప్పుడు?

డ్రైవర్: వచ్చే నెల ఆఖరున.

జాబర్: అయితే కింది పని ఈ వారం, పై పని వచ్చే నెల మూడో వారం. నడుమ తిరుపతి ట్రిప్పు ఉన్నదన్నవు, దాని పైసలు షాకప్‌లకు పెట్టు. అప్పు వద్దు.

డ్రైవర్: తిరుపతి ట్రిప్పు ఊగే షాకప్‌తోటి పోవాల్నా?

జాబర్: ఎనభైల పో. నలుగుర్ని ఎక్కిచ్చుకో, ఐదో మనిషిని వద్దను, డిక్కీల లడ్డూలు తప్ప వేరే బరువు పెట్టకు. కొత్త ఆర్ము పడ్డది కాబట్టి చక్రం ఊడదు. బండి ఊగితే ఊగనీ.

డ్రైవర్: ఇక్కడ మాత్రం నీతోటి కలవను. ట్రిప్పు పోయినోళ్లు బండి ఊగుతున్నదని ఇంకోసారి పిలవరు. నాకు సస్పెన్షను అంటే గిరాకీ.

జాబర్: నీకు గిరాకీ, నాకు హప్తా. మీ అమ్మకు ఫోన్ జెయ్యి, ఆమె చెప్తది.

ఫోను చేయలేదు. ఇద్దరికీ తెలుసు, ఆమె ఏమంటుందో. బీడీకట్ట లెక్కకు డబ్బు తీసుకున్న మనిషి అప్పు వద్దనే అంటుంది. చీటీ వెనకవైపు తిప్పి అల్లుడు కొత్త లెక్క రాశాడు: ఎడమ ఆర్మ్, లింక్ రాడ్లు రెండు, కూలి, అలైన్‌మెంటు. 5,000 దాటలేదు. దాని కింద గీత గీసి షాకప్‌ల మూట వేరే రాశాడు, తేదీ రాయలేదు. తిరుపతికి ముందా, తర్వాతా అన్నది వాళ్లింట్లో ఇంకా నడుస్తున్న తగువు. నన్నడిగితే, జేబులో డబ్బుంటే ముందే చేయించమంటాను. లేకపోతే మేనమామ చెప్పినట్టు ఎనభైలో పొమ్మంటాను. అప్పు చేసి మాత్రం వద్దు.

జాబర్: ఆఖరు మాట. ఆర్ము బిగిచ్చేటప్పుడు నేను వస్త.

డ్రైవర్: ఎందుకు? బోల్టు బిగిచ్చుడు వాళ్లకు రాదా?

జాబర్: వస్తది. బండి జాకీ మీద ఉన్నప్పుడే బిగిస్తరు, గదే తప్పు. చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బుష్ బోల్టు బిగిస్తే, రబ్బరు గా వేలాడిన తీరుల పట్టుకుంటది. బండి కిందికి దించంగనే రబ్బరు మెలి పడుతది. ప్రతి గుంతకు ఇంకింత మెలి. రెండేండ్లు రావలసిన బుష్ ఆరు నెలలకు చినుగుతది. బోల్టులు చేత్తో పట్టిచ్చి, బండి దించి, చక్రాల మీద నిలబెట్టి, రెండుసార్లు ఊపి, అప్పుడు బిగియ్యాలె. కింద గుంత ఉన్న గ్యారేజైతే మంచిది. నైలాన్ నట్టు పాతది మళ్ల వాడనియ్యకు.

డ్రైవర్: ఈ మాట నేను చెప్త వాళ్లకు.

జాబర్: నువ్వు చెప్తే వినరు, కస్టమరు మాట అనుకుంటరు. నేను నిలబడి చూస్త.

డ్రైవర్: నువ్వొచ్చి నిలబడితే కూలి 300 ఎక్కువ అడుగుతరు మామా. పోయినసారి క్లచ్ పనికి అట్లనే అయింది.

జాబర్: 300 నేనే ఇస్త. పా.